తలకు పోసుకోని ఇల్లు

ఆ ఆదివారం పొద్దున సుప్రియ తలకు పోసుకోనని మొండికేసింది.

అండాలో నీళ్లు కాగి ఆవిర్లు పోతున్నాయి. వసుధ కుంకుడుకాయల పులుసు పిసికి, పెరట్లో బండ కడిగి, పాపను పిలిచి పిలిచి అలిసిపోయింది. మూడో తరగతి పిల్ల. తలంతా చిక్కుపడి పక్షిగూడులా ఉంది. పేలు పక్క పిల్లలకు ఎక్కుతున్నాయని, శుభ్రం చేసి పంపమని బడిలో టీచరమ్మ చెప్పి పంపింది.

"రామ్మా, నీళ్లు సల్లారిపోతాండాయి."

"నేను పోసుకోను."

"యాల పోసుకోవు?"

"పోసుకుంటే నాయన రాడు."

వసుధ చెంబు బండమీద పెట్టేసింది. గడప లోపల కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న అత్త బయ్యమ్మ తల ఎత్తలేదు. చేతులు మాత్రం కాసేపు ఆగి, మళ్లీ ఒలవడం మొదలుపెట్టాయి. ఆమె జుట్టు అట్టలు కట్టి, జడలు కట్టి, మెడ వెనక ఒక ముద్దలా వేలాడుతోంది. పుంగనూరులో ఆ వీధి వాళ్లంతా ముసలామె మీదికి గంగమ్మ వచ్చిందని అనుకుంటారు. కొందరు దండం కూడా పెట్టుకుంటారు. అది గంగమ్మ జడ కాదని వసుధకు తెలుసు.

వాళ్ల వైపు పద్ధతి ఒకటుంది. అయినవాళ్ల చావు కబురు చెవిన పడితే, విన్నవాళ్లు విన్నట్టే లేచి తలకు పోసుకోవాలి. కబురు తెచ్చినవాడు గడప దాటడు, మంచినీళ్లు ముట్టడు. బయటే నిలబడి చెప్పి, వచ్చిన దోవనే పోతాడు. విన్నవాళ్లు తలమీద నీళ్లు పోసుకున్నారంటే ఆ చావును ఒప్పుకున్నట్టు. బయ్యమ్మ తన కొడుకు చావును ఒప్పుకోలేదు. ఏడాదిన్నరకు పైగా ఆమె నెత్తిన చుక్క నీరు పడలేదు. ఒళ్లు మాత్రం కడుక్కుంటుంది. ఉగాదికి నూనె పెట్టుకోలేదు, దీపావళికి పెట్టుకోలేదు. వానొస్తే గడప కూడా దాటదు.

వసుధ మొగుడు గణేష్ బోరుబండి మీద డ్రిల్లరు. పెద్దమండ్యం అవతల వాళ్ల మెట్ట చేలల్లో బోర్లన్నీ ఎండిపోయాక, ఊరోళ్లకు నీళ్లు దొరకబుచ్చే పనిలోనే చేరాడు. పాప పుట్టాక తల్లిని, పెళ్లాన్ని పుంగనూరులో అద్దె ఇంట్లో పెట్టాడు. బండి ఓనరు రెండు బండ్లను ఓడలో ఆఫ్రికాకు పంపుతున్నాడంటే, వాటి వెంట తానూ పోయాడు. "యా దేశమప్పా?" అని తల్లి అడిగితే, "సోమాలీలాండు మా. కొత్త దేశం. వాళ్లకు వాళ్లు దేశమని చెప్పుకున్న్యారు, ఎవురూ ఒప్పుకోలేదంట. అయితే మనకేమి, బండరాయి యాడైనా బండరాయే గదా" అన్నాడు నవ్వుతూ.

ఆ బండ దగ్గరే పోయాడు. కంప్రెసరు పైపు పగిలి కొట్టిందని అక్కడి నుంచి ఫోనొచ్చింది. ఆ ఫోను పాల కేంద్రంలో పనిలో ఉన్న వసుధకు వచ్చింది. ఆమె నడిచి ఇంటికొచ్చింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. పెరట్లోకి పోయి, తొట్టిలో నీళ్లు బిందెతో ముంచి, కట్టుకున్న చీరతోనే తలమీద కుమ్మరించుకుంది. ఎందుకు అంత తొందరపడిందో ఆమెకే తెలియదు. చేతులే చేశాయి ఆ పని. తడి బట్టలతో లోపలికి వస్తుంటే అత్త ఎదురొచ్చింది.

"ఈ యాలప్పుడు తలకు యాల పోసుకున్న్యావు?"

వసుధ నోరు తెరవబోయింది. బయ్యమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. "నాకు సెప్పొద్దు. ఎవురూ నాకు సెప్పొద్దు."

తర్వాత ఒక కాగితం వచ్చింది, ఆ దేశం ముద్రతో. శవం రాలేదు. వేసవి ఎండ, విమానాలు లేవు, మన రాయబార కార్యాలయం అక్కడ లేదు. అక్కడే మట్టిలో పెట్టారన్నారు. ఆ కాగితం పట్టుకుని, చావు సర్టిఫికెట్టు కోసం, వసుధ మదనపల్లెలో ఒక ఆఫీసుకు పోయింది. ఇంట్లో ఒంటరిగా ఉండలేనని బయ్యమ్మ కూడా వెంట వచ్చింది. ఆఫీసరు మంచివాడే. కుర్చీ వేయించాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, బాధగానే చెప్పాడు.

"అమ్మా, మన ప్రభుత్వం ఈ దేశాన్ని గుర్తించలేదు. మా లెక్కలో అట్లాంటి దేశం లేదు. దీన్ని పట్టుకుని ఆయన చనిపోయినాడని నేను రాయలేను. వేరే దారి ఉంటుంది, కోర్టు ద్వారా… టైము పడుతుంది."

వెనక బెంచీ మీద కూర్చున్న బయ్యమ్మ అంతా విన్నది. తిరుగు బస్సులో, అన్నాళ్లుగా సరిగ్గా తిండి తినని మనిషి, కిటికీలోంచి చెయ్యి చాపి ఉడకేసిన చెనక్కాయలు కొనుక్కుని పొట్లమంతా తినింది.

"ఆ దేశమే లేదంట గదమ్మే. లేని దేశంలో సచ్చినోడు సచ్చినట్టు యాట్లవుతాది?"

వసుధ మెడ తడుముకుంది. మెడలో తాళి అట్లాగే ఉంది, నుదుటిన బొట్టు అట్లాగే ఉంది. తాను తలకు పోసుకున్న సంగతి మాత్రం వెనక్కి తీసుకోవడానికి వీల్లేనిది.

గణేష్ ఇంటికి రావడం అప్పటి నుంచే.

వచ్చేది మధ్యాహ్నం పూట. వీధిలో ఎవరూ ఉండరు, వసుధ పాల కేంద్రంలో ఉంటుంది. ఆమె ఇంటికి వచ్చేసరికి పెరట్లో నులకమంచం గోడ నీడకు జరిపి ఉంటుంది. చెంబు మంచం కింద బోర్లా పడి ఉంటుంది. అత్త ముఖం తేటగా, చుట్టాలొచ్చి పోయినట్టు ఉంటుంది. "ఏం మాట్లాడినాడు?" అని వసుధ ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"వాడు యాడ మాట్లాడతాడు? ఊరికే కూర్చుంటాడు. అలిసిపోయినాడు బిడ్డ."

ముసలామె మనసు చెదిరిందని వసుధ అనుకుంది. అట్లా అనుకుని సర్దుకుంది కూడా. మరుసటి ఎండాకాలం సెలవుల్లో సుప్రియ రోజంతా అవ్వ దగ్గరే ఉండిపోయింది. ఒక సాయంత్రం, సంగటి తింటూ తింటూ ఆ పిల్ల అంది:

"నాయన సెవుల్లో తెల్లదుమ్ము ఉండాది మా. అవ్వ కొంగుతో తుడిచినా పోలేదు."

వసుధ ముద్ద పళ్లెంలో పెట్టేసింది. బోరుబండి మీద పనిచేసేవాళ్లకు రాతి పిండి చెవుల్లో గట్టిపడిపోతుంది. కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో, దీపం దగ్గర, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని ఆమె తుడిచేది. అప్పటికి పాప పుట్టలేదు. అత్త పల్లెలో ఉండేది. ఆ సంగతి ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు నుంచి ఆమె భయం వేరే రకంగా మారింది. వస్తున్నాడు. వాళ్లిద్దరికీ కనిపిస్తున్నాడు. తనకు మాత్రం కనిపించడు. రెండు మూడు సార్లు పాల కేంద్రంలో చెప్పి మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. మంచం ఖాళీ. అవ్వా మనవరాలూ తలుపు దగ్గర ఆమెను చూసి, చెప్పరాని మాటేదో మధ్యలో ఆపేసినట్టు ముఖాలు పెట్టారు. "ఇప్పుడే లేచి పోయినాడు" అంది పాప. తాను తలకు పోసుకుంది కదా. పోసుకున్నవాళ్ల దగ్గరికి ఎందుకు వస్తాడు?

ఆ చలికాలంలో టీవీలో ఒక వార్త వచ్చింది. పక్కింటి ఉషారాణి గోడ మీదుగా పిలిచింది. "వసుధా, మీ ఆయన పోయిన ఆ దేశం పేరు సెప్తాండారు సూడు!" ముప్పై ఏళ్లకు పైగా తనను తాను దేశంగా చెప్పుకుంటున్న సోమాలీలాండ్‌ను ఇజ్రాయెల్ గుర్తించిందని చెబుతున్నారు. జెండాలు పట్టుకుని వీధుల్లో జనం ఎగురుతున్నారు, ఆడవాళ్లు ఏడుస్తున్నారు, కారు హారన్లు. వసుధ గోడ దగ్గరే నిలబడి ఆ వీధుల్లో ఒక ముఖం కోసం వెతుకుతుండగా, వెనక బయ్యమ్మ వచ్చి నిలబడింది.

"ఒప్పుకున్న్యారా?"

"ఒక్క దేశమే అత్తా."

ముసలామె ముఖం పాలిపోయింది. "మొన్ననే గదా బోయకొండకు పోయి గంగమ్మ తలమీద పువ్వు పెట్టించి అడిగినాను. ఎవురూ ఒప్పుకోగూడదు తల్లీ అని. కుడిపక్కకే పడింది పువ్వు. గంగమ్మ మాటిచ్చినాక ఆ దేశమోడు ఎవుడమ్మే ఒప్పుకునేదానికి?"

ఉషారాణి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. వసుధకు నవ్వు రాలేదు. ఆ తర్వాత బయ్యమ్మ రోజూ సాయంత్రం వార్తలకు గోడ దగ్గరికి పోయేది. "ఇంగ ఎవురన్నా ఒప్పుకున్న్యారా?" అని ఉషారాణిని అడిగేది. లేదంటే ఊపిరి తీసుకుని ఇంటికొచ్చేది. అక్కడ ఒక్కొక్క దేశం తలూపితే, ఇక్కడ తన కొడుకు అంత మేరా చచ్చిపోతాడని ఆమె లెక్క.

ముసలామె తల ఎట్లా పోయినా పోనీ అని వసుధ ఓర్చుకునేదే. కానీ ఇప్పుడు పాప. ఆ ఆదివారం చల్లారిపోయిన అండా దగ్గర నిలబడి చూస్తే, అవ్వ, మనవరాలి తలలు రెండూ ఒకే తీరుగా చిక్కుపడి ఉన్నాయి. బిడ్డ కూడా ఆ మంచం పక్కనే ఉండిపోతుంది. పెద్దదవుతుంది, అక్కడే ఉంటుంది.

మరుసటి రోజే వసుధ పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కింది.

గిరిబాబు ఇల్లు కుప్పం బయట, పట్టుపురుగుల షెడ్డు పక్కన. గణేష్‌తో ఒకే బండి మీద పనిచేసినవాడు, పైపు పగిలినప్పుడు పక్కనే ఉన్నవాడు. తిరిగొచ్చి చాన్నాళ్లయినా పుంగనూరు వైపు రాలేదు. మల్బరీ ఆకు తట్ట దించి, ఆమెను చూసి తల వంచుకున్నాడు.

"రావాలనే ఉండాది వదినా. బస్టాండు దాంకా వచ్చి వచ్చి తిరిగిపోయినాను. ఈ పక్క తిరిగి మాట్లాడు, ఆ సెవి పోయింది."

ఆమె చెప్పింది, మంచం సంగతి దాచకుండా. వాడు నమ్మలేదనీ అనలేదు, నమ్మాననీ అనలేదు. ఆకులు తుంచుతూ కూర్చున్నాడు.

"దేశం లేదంటారా? రెండేండ్లు ఆడ తిన్న్యాను, పండుకున్న్యాను. వాళ్ల పోలీసులు వాళ్లకుండారు, వాళ్ల నోట్లు వాళ్లకుండాయి, కట్టలు కట్టలు, టీ తాగేదానికి గూడా. ఆడ టీ అంగడాయన ఒకడు, అబ్దీ అని. పొద్దున పోతానే అన్నను అడిగేది, ఇండియా మమ్మల్ని ఎప్పుడు ఒప్పుకుంటాదీ అని. అన్న రోజూ 'రేపు' అనేది. ఆ మాటకు రోజూ ఒక టీ ఊరికే." గిరిబాబు నవ్వబోయి ఆగాడు. "అన్నను మట్టిలో పెట్టినప్పుడు ఆ అబ్దీనే నీళ్లు పోసినాడు. మీ ఊరికి పోతే సెప్పు, మా దేశంలో సచ్చిపోయినాడని పేరు పెట్టి సెప్పు అన్న్యాడు. నేను ఎవురికీ సెప్పలేదు."

"మా అత్తకు సెప్పు. నోటితో ఎవురూ ఆమెకు సెప్పలేదు. గడప బయట నిలబడి, పద్ధతి ప్రకారం సెప్పేసి పో. నీకు దండం పెడతాను."

అనుకున్న రోజు గిరిబాబు వచ్చాడు. బస్టాండు నుంచి దారిపొడవునా వసుధ వాడికి చెబుతూనే ఉంది: లోపలికి రావద్దు, కూర్చోవద్దు, నీళ్లు ముట్టవద్దు. వాడు తలూపుతూనే ఉన్నాడు. కానీ వాళ్లు వీధి మలుపు తిరుగుతుండగానే బయ్యమ్మ చూసేసింది. ఎవరో, ఎందుకో, ఆమెకు చెప్పనక్కర్లేదు. వాడు గడప ముందు నిలబడి గొంతు సవరించుకునేలోపే చెంబెడు నీళ్లతో ఎదురొచ్చింది.

"రాప్పా, రా. ఎండన పడి వచ్చినావు. ముందు నీళ్లు తాగు."

కుప్పం నుంచి బస్సులో నిలబడి వచ్చినవాడు. పైగా పెద్దావిడ చేతులతో ఇస్తోంది. వాడు వసుధ వైపు ఒకసారి చూశాడు, చెంబు అందుకున్నాడు, గడగడా తాగేశాడు.

అయిపోయిందనుకుంది వసుధ. నీళ్లు ముట్టినవాడు చుట్టం. చుట్టం నోట చావు కబురు రాకూడదు.

బయ్యమ్మ ముఖంలో గెలుపు దాగలేదు. వాణ్ని లోపలికి లాక్కుపోయి, సంగటి ముద్ద, చెనక్కాయల ఊరుబిండి, పెరుగు పెట్టింది. గణేష్ పళ్లెంలోనే పెట్టింది. "తిను, సిగ్గుపడాకు. నా కొడుకు గూడా ఇట్లనే రెండో ముద్దకు మొహమాటపడతాడు." సుప్రియ తలుపు పక్కన నిలబడి, తన నాయన పళ్లెంలో ఎవరో తినడం రెప్పవేయకుండా చూస్తోంది. గిరిబాబు తింటున్నాడే కానీ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

వాడు చేయి కడుక్కుని లేవబోతుంటే బయ్యమ్మ ఆపింది. వాడు తెచ్చిన మాట చెప్పకుండా చేసింది కనుక ఇప్పుడు ఆమెకు భయం లేదు. మాట్లాడించాలని ఆశ పుట్టింది.

"అప్పా, ఆడ… నా కొడుకు ఏసిన బోర్లల్లో నీళ్లు పడినాయా?"

గిరిబాబు ముఖం ఒక్కసారిగా తేటపడింది. అది వాడికి తెలిసిన మాట. "పడినాయి పెద్దమ్మా. శానా లోతు. మనకాడికంటే రాయి గట్టి. అయితే అన్న సెయ్యి పెడితే పడనిది యాడ? ఒంటెలు తాగతాయి, మేకలు తాగతాయి. ఆడోళ్లు డబ్బాలు వరసగా పెట్టుకోని నిలబడతారు."

"అన్నిట్లో పడినాయా?"

"కడాదాంట్లోనే, ఆఖర్న ఏసినదాంట్లోనే, అనుమానంగా ఉండింది. దాంట్లో గూడా పడినాయి. ఎగజిమ్మి బండెత్తు లేచినాయి. జనమంతా తడిసిపోయినారు." వాడు ఆగాడు. పళ్లెం వైపు చూసి మెల్లగా అన్నాడు: "అన్న సూడలేదు."

వసుధ గోడకు ఆనుకుంది. బయ్యమ్మ చేతులు చెవుల దాకా లేచాయి. సగంలో ఆగి, ఒళ్లోకి దిగాయి.

"ఇప్పటికీ వస్తాండాయా, ఆ నీళ్లు?"

"వస్తాండాయి పెద్దమ్మా. మొన్న ఫోను సేసినప్పుడు గూడా అదే సెప్పినారు."

"తియ్యనీళ్లా, సౌడా?"

"తియ్యనీళ్లు."

బయ్యమ్మ అరచేత్తో నేల నిమిరింది. పెద్దమండ్యం చేలల్లో ఎండిన బోర్ల మధ్య బతికిన మనిషి. కొడుకు నీళ్లు వెతకడానికి పోయినన్నాళ్లూ ఆమె అడిగింది ఆ ఒక్క మాటే.

"నీళ్లు పడినాయంటే, కింద నేల ఉన్నట్టే గదప్పా."

గిరిబాబు తలూపాడు.

"నేల ఉంటే ఊరుంటాది. ఊరుంటే…" మాట మధ్యలో ఆపి వాడి వైపు తిరిగింది. "ఏం పేరు ఆ దేశానికి? సెప్పు. నువ్వు సెప్పు."

"సోమాలీలాండు పెద్దమ్మా."

ఆమె ఆ పేరును పెదవులతో మెల్లగా, బిడ్డకు పేరు పెట్టేటప్పుడు చెవిలో చెప్పినట్టు, ఒకసారి అంది. ఆపైన లేచి నిలబడింది.

"వసుధా, అండా కింద మంట ఎయ్."

పెరట్లో బండ మీద వసుధ అత్త తలమీద నీళ్లు పోసింది. మొదటి చెంబుకు జుట్టు తడవనే లేదు. నీళ్లు రాయి మీద పోసినట్టు జారిపోయాయి. మళ్లీ పోసింది, మళ్లీ పోసింది. ముసలామె ఏడవలేదు. నీళ్లు ముఖం మీద పడుతుంటే నోరు తెరిచి గాలి పీలుస్తోంది. కాసేపటికి సుప్రియ తనంతట తానే వచ్చి అవ్వ పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. వసుధ ఆ చిన్న తలమీద కూడా పోసింది. గిరిబాబు చెప్పకుండానే వీధిలోకి దిగి వెళ్లిపోయాడు.

పెద్దమండ్యంలో పెద్దలొచ్చి, శవం బదులు దర్భలతో మనిషి బొమ్మ చేసి, చేని గట్టున కాల్చారు. వసుధ తాళి తీశారు. పాప తల క్షవరం చేయించాల్సి వస్తుందేమో అనుకున్నారు కానీ, నూనె పెట్టి దువ్వితే చిక్కు విడిపోయింది. బయ్యమ్మ అట్టల జుట్టు కొంత కత్తిరించి, మిగిలింది విడదీశారు. పుంగనూరుకు తిరిగొచ్చాక సుప్రియ రెండు రోజులు మధ్యాహ్నం మంచం వైపు చూసింది. "నాయన రాలేదు మా" అంది. మూడో రోజు బడి నుంచి వచ్చి ఉషారాణి పిల్లలతో గుంటలాట ఆడుకోవడానికి పరుగెత్తింది. వెనక్కి చూడలేదు. వసుధ ఆ పరుగును గుమ్మంలో నిలబడి, వీధి చివర దాకా చూసింది.

బంధువులు కూడా వెళ్లిపోయిన ఒక ఆదివారం మధ్యాహ్నం. బయ్యమ్మ లోపల మనవరాలి పక్కన పడుకుని, తడి ఆరని తెల్లజుట్టు నేలమీద పరుచుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది. అంత నిద్ర ఆమెకు ఎన్నాళ్లకో. పెరట్లో వసుధ బట్టలు జాడిస్తోంది.

వెనక నులకమంచం కిర్రుమంది.

మెల్లగా, అలిసిన మనిషి వాలినట్టు. ఆపైన ఒక దగ్గు, రాతిపొడి మింగినవాళ్ల దగ్గు.

ఆమె తిరగలేదు. చేతిలో చీర నీళ్లు కారుతోంది. గోడమీద ఎండ కొంచెం జరిగింది. లోపలివాళ్లు లేస్తారేమోనని గుమ్మం వైపు ఒక చూపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఇప్పుడొస్తావా?" అంది. "వాళ్లిద్దరూ నిన్ను పంపించేసినాక, యాడికీ పోయేదానికి లేక, నాకాడికొస్తావా?"

నులక మళ్లీ ఒకసారి కదిలింది. వసుధ చీర పిండి, తీగమీద ఆరేసి, దాని అంచులు సరిచేస్తూ అట్లాగే వెనుదిరగకుండా నిలబడింది.

"కూర్చో" అంది కాసేపటికి. "రవ్వసేపు కూర్చో."